పిల్లికి బీమా చేయించాలా?

మనుషుల జబ్బుల గురించి రాసే ఈ శీర్షికలోకి ఈ వారం పిల్లి వచ్చిందేమిటని ఆశ్చర్యపోకండి. పిల్లి ఉన్న ఇంట్లో దాని ఆరోగ్యానికీ మన ఆరోగ్యానికీ సంబంధం ఉంటుంది. మన జేబు ఆరోగ్యానికైతే మరీను. పైగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో విజయవాడ నుంచి ఒక సోదరి రాసినదాన్ని తీసుకుని సమాధానం చెబుతాను. మిగతావారి సందేహాలు కూడా దాదాపు ఇవే.

ఆవిడకు 61 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేసి మానేశారు. భర్తగారికి 66 ఏళ్లు, బి.పి., షుగరు ఉన్నాయి. ఇంట్లో ఇద్దరే ఉంటారు, ఒక రెండేళ్ల మగపిల్లి ఉంది. దీనికి ముందు పెంచిన పిల్లి మూత్రం ఆగిపోయి మూడు రోజుల్లో చనిపోయింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి “ఇప్పుడు పిల్లులకు కూడా బీమా ఉందమ్మా, చేయిద్దాం” అంటున్నాడు. భర్తగారు “మన పాలసీయే కట్టలేక వదిలేశాం, పిల్లికి బీమా ఏమిటి, నలుగురూ నవ్విపోతారు” అంటున్నారు. “అప్పుడు బీమా ఉండి ఉంటే ఆ పిల్లి బతికేదా? ఇప్పుడు దీనికి చేయించమంటారా?” అని ఆవిడ ప్రశ్న.

ఇందులో నవ్వడానికేమీ లేదు. మన ఊళ్లలో పాడిగేదెకు బీమా చేయించడం ఎప్పటినుంచో ఉన్నదే. డాక్టరు చూసి గేదెకు ఖరీదు కడతాడు, చెవికి బిళ్ల వేస్తారు, గేదె చనిపోతే ఆ డబ్బు వస్తుంది. చెవి బిళ్ల చూపించలేకపోతే పైసా రాదని రైతులందరికీ తెలుసు. పిల్లి సంగతి వేరు. ఒక వానాకాలం సాయంత్రం మీ గుమ్మంలోకి వచ్చి కూర్చున్న నాటు పిల్లికి ఖరీదు ఎవరు కడతారు? అందుకని పిల్లి బీమా ముఖ్యంగా వైద్యం ఖర్చుకు చేసే బీమా. కొన్ని పాలసీల్లో పిల్లి చనిపోతే కొంత, తప్పిపోతే కొంత, అది పక్కింటివాళ్లను గీరితే వచ్చే తగాదా ఖర్చుకు కొంత అని చేరుస్తారు. అసలు సరుకు మాత్రం ఆసుపత్రి బిల్లే. అమెరికాలో ఇలాంటి మొదటి పాలసీని 1982లో టెలివిజన్‌లో నటించే లాసీ అనే కుక్కకు ఇచ్చారు. మన దేశంలో కూడా ఈ మధ్య కొన్నేళ్లుగా కొన్ని సాధారణ బీమా కంపెనీలు కుక్కలతోపాటు పిల్లులను కూడా చేర్చుకుంటున్నాయి. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లని మనం పిసినారులను తిడతాం కదా, ఇప్పుడు పిల్లి పేరున బిల్లులు చెల్లించే కంపెనీలే వచ్చాయి.

మరి ఆ బిల్లు ఎప్పుడు, ఎందుకు వస్తుంది? అది తెలిస్తే బీమా కావాలో వద్దో సగం తేలిపోతుంది.

పిల్లికయ్యే ఖర్చులు రెండు రకాలు. ఒక రకం ముందే తెలిసినవి. కూనకు 6 నుంచి 8 వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. ఏడాది తర్వాత మళ్లీ ఒకటి. మూడు నెలలు దాటాక రేబిస్ టీకా. నులిపురుగుల మందు. ఆరు నెలల లోపున పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆడపిల్లికి ఈ ఆపరేషన్ చేయిస్తే గర్భసంచిలో చీము పట్టే జబ్బు రాదు, పెద్దయ్యాక రొమ్ము గడ్డలు వచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. ఈ ఖర్చులను బీమా కంపెనీలు సాధారణంగా ఇవ్వవు. ఎప్పుడు రావాలో తెలిసిన ఖర్చుకు బీమా ఉండదు, అది మన నెల బడ్జెట్‌లోనిదే. పైగా టీకా వేయించకుండా, ఆ టీకా ఆపగలిగే జబ్బు వస్తే క్లెయిమ్ తోసిపుచ్చుతారు. టీకాలేని కూనలను ఎక్కువగా చంపే జబ్బు పాన్‌ల్యూకోపీనియా. వాంతులు, విరేచనాలు పట్టుకుని, రక్తంలో తెల్లకణాలు పడిపోయి, రోజుల్లో ప్రాణం పోతుంది. దానికి మంచి టీకా ఉంది. బీమా ప్రీమియానికి డబ్బు వెతుక్కునేవారు ముందు టీకా చీటీ తీసి చూసుకోండి.

రేబిస్ టీకా గురించి ఇక్కడే ఒక మాట. కుక్క కరిస్తే భయపడేవాళ్లు పిల్లి కరిస్తే, గీరితే పట్టించుకోరు. పిల్లి ద్వారా కూడా రేబిస్ వస్తుంది. కరిచినా, రక్తం వచ్చేలా గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. సున్నం, కారం, పసుపు పెట్టకండి. “మన పిల్లే కదా, టీకా వేయించాం కదా” అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు, ఆ సంగతి డాక్టరుకు చెప్పి ఆయన నిర్ణయానికి వదలండి.

రెండో రకం ఖర్చులు చెప్పకుండా వచ్చేవి. వీటిలో మొదటిది మన సోదరి ముందటి పిల్లికి వచ్చినదే. మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నం. మూత్రంలో స్ఫటికాలు, జిగురు పదార్థం చేరి అది మూసుకుపోతుంది. పిల్లి మాటిమాటికీ ఇసుక డబ్బాలోకి వెళుతుంది. కూర్చుని ముక్కుతుంది, అరుస్తుంది, వెనక భాగాన్ని అదేపనిగా నాకుకుంటుంది. చుక్క కూడా రాదు. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని ఒకరోజు చూద్దామంటారు. ఆ ఒకరోజే ప్రమాదం. రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె ఆగుతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. సమయానికి తీసుకెళితే మత్తు ఇచ్చి, సన్నని గొట్టం వేసి, దారి తెరిచి, సెలైన్ ఎక్కించి, రక్త పరీక్షలు చేసి, కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచుకుంటారు. ఇక్కడే బిల్లు వేలల్లోకి వెళుతుంది. బాగైన పిల్లికి మళ్లీ రావచ్చు కూడా.

రెండోది పై అంతస్తు నుంచి పడటం. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్లమీదే నిలబడుతుందని ఒక నమ్మకం. న్యూయార్క్ నగరంలో ఎత్తయిన భవనాల మీద నుంచి పడి ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల వివరాలను 1987లో ఇద్దరు పశువైద్యులు ప్రచురించారు. వైద్యం చేసినవాటిలో నూటికి 90 బతికాయి. వినడానికి బాగానే ఉంది కానీ వాటిలో చాలావాటికి ఛాతీకి దెబ్బలు, దవడ పగుళ్లు, కాళ్లు విరగడం ఉన్నాయి. బతికించడానికి ఎక్స్‌రేలు, ఆపరేషన్లు కావాలి. మన నగరాల్లో అపార్ట్‌మెంట్ బాల్కనీలో పావురం వెంట దూకే పిల్లులకూ ఇదే గతి. బాల్కనీకి వల కట్టించండి. పావురాల బెడద కూడా తగ్గుతుంది.

మూడోది ముసలితనంలో వచ్చే మూత్రపిండాల జబ్బు. పదేళ్లు దాటిన పిల్లుల్లో ఇది మామూలు. ఒక్కసారిగా పెద్ద బిల్లు కాకుండా నెలనెలా నడిచే ఖర్చు. దీని సంగతి పాలసీ దగ్గర మళ్లీ చెబుతాను.

ఇక ఆ సోదరి మొదటి ప్రశ్న. అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఆ పిల్లి మొదటి రోజంతా ఇసుక డబ్బాలో కూర్చుంటూ లేస్తూ ఉంది, మీరు అరగలేదనుకున్నారు, మూడో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లారు. బీమా కాగితం బీరువాలో ఉన్నా ఆ మొదటి రోజు అలాగే గడిచేది. డబ్బు లేకపోవడం వల్ల అది పోలేదు కనుక “నాలుగు వేలు కట్టి ఉంటే బతికేదేమో” అని బాధపడకండి. ఈ జబ్బు గుర్తులు మన ఊళ్లలో ఎవరూ ఎవరికీ చెప్పరు. ఇప్పుడున్నదీ మగపిల్లే కనుక గుర్తుపెట్టుకోండి: మగపిల్లి మూత్రం కోసం ముక్కుతూ ఉంటే పూట కూడా ఆగకూడదు. అది రాత్రయినా సరే.

రాత్రయితే ఎక్కడికి తీసుకెళతారు? బీమా గురించి అడిగేవారందరికీ నా మొదటి ప్రశ్న ఇదే. ఏ కంపెనీ, ఎంత ప్రీమియం అన్నవి తర్వాత. చిన్న పట్టణాల్లో ప్రభుత్వ పశువైద్యశాల ఉంటుంది, ఖర్చు తక్కువే. కానీ అక్కడికి వచ్చేవి ఎక్కువగా గేదెలు, మేకలు, కోళ్లు. పిల్లికి మత్తు ఇచ్చి సన్న గొట్టం వేసే ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు. ఖర్చుపెట్టే చోటు లేని ఊళ్లో ఖర్చుకు బీమా చేయించి ఏం లాభం? హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లో చిన్న జంతువులకు ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిలలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి, వాటికి అనుబంధంగా ఆసుపత్రులున్నాయి. మీ ఇంటికి ఏది దగ్గర, రాత్రి తెరిచి ఉంటుందా, పిల్లులను చూస్తారా, ఎక్స్‌రే ఉందా అన్నది ఈ వారమే కనుక్కుని, ఫోన్ నెంబరు ఫ్రిజ్ మీద అంటించండి. అలాంటి చోటు గంట దూరంలో ఉంటే బీమా గురించి ఆలోచించవచ్చు. నాలుగైదు గంటల దూరం అయితే ఆ ప్రీమియం డబ్బు కారు కిరాయికి దాచుకోవడం మేలు.

ఇప్పుడు లెక్క. అంకెలు కేవలం ఉదాహరణకు, మీ పాలసీలో వేరుగా ఉంటాయి. ఏడాదికి ప్రీమియం 3,000 రూపాయలు, బీమా మొత్తం 40,000 అనుకుందాం. మూత్రం ఆగిన జబ్బుకు బిల్లు 25,000 అయింది. పాలసీలో “ఒక్కో జబ్బుకు 20,000 మించి ఇవ్వం” అని ఒక వాక్యం, “అందులో నూటికి 20 మీరే భరించాలి” అని మరో వాక్యం ఉన్నాయి. అప్పుడు కంపెనీ ఇచ్చేది 16,000. మీరు పెట్టుకునేది 9,000. పై అట్టమీద పెద్ద అక్షరాల్లో ఉన్న 40,000 చూసి మోసపోకూడదు.

అదే 3,000ను నెలకు 250 చొప్పున మీరే దాచుకుంటే? అయిదేళ్లకు 15,000, పైన కాస్త వడ్డీ. పిల్లికి ఏ జబ్బూ రాకపోతే ఆ డబ్బు మీదే. బీమాలో అయితే కట్టిన 15,000 పోయినట్టే, తిరిగి రాదు. ఇలా చూస్తే దాచుకోవడమే లాభం అనిపిస్తుంది. కానీ పిల్లి నాలుగో నెలలోనే బాల్కనీ నుంచి పడితే మీ డబ్బాలో ఉండేది 1,000 రూపాయలు. బీమాకున్న అసలు బలం ఇదొక్కటే: డబ్బు పోగయ్యేలోపే వచ్చే ఆపదను అది కాస్తుంది. కనుక అవసరమైతే ఒక్క రాత్రిలో 20, 25 వేలు తీయగలిగిన కుటుంబానికి పిల్లి బీమా అంత అవసరం లేదు. అంత తీయలేక, “ఇంటికి తీసుకెళ్లిపోతాం డాక్టరుగారూ” అనవలసి వచ్చే కుటుంబానికే అది ఉపయోగం. దాచుకునేవారు రికరింగ్ డిపాజిట్‌లో వేయకండి, అర్ధరాత్రి తీయలేరు. విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. పండగ చీరల జోలికి పోకుండా ఉంచగలరా అన్నది మీకు మీరే తేల్చుకోవాలి.

బీమా తీసుకోవాలనే అనుకుంటే కొన్ని సంగతులు సంతకానికి ముందు అడగండి. మా నాటు పిల్లిని చేర్చుకుంటారా, జాతి పిల్లులనేనా? గేదెకు చెవి బిళ్లలాగా పిల్లికి గుర్తింపు ఏమిటి, చర్మం కింద చిప్ వేయించాలా, ఫోటోలు చాలా? వేయించాలంటే ఆ ఖర్చు ఎవరిది? పాలసీ మొదలైన ఎన్ని రోజుల తర్వాత జబ్బు వస్తే డబ్బిస్తారు? ప్రమాదానికి ఒక గడువు, జబ్బుకు మరో గడువు ఉంటుంది. పిల్లి జబ్బుపడ్డాక పరుగెత్తి పాలసీ తీసుకుంటే పనికిరాదు. ముందునుంచి ఉన్న జబ్బుకు సాధారణంగా ఇవ్వరు. ఒకసారి మూత్రం ఆగి ఆసుపత్రిలో చూపించిన పిల్లికి ఆ తర్వాత బీమా చేయిస్తే, మళ్లీ అదే జబ్బు వచ్చినప్పుడు “ఇది పాతదే” అంటారు. దాచిపెట్టి ఫారం నింపితే అసలుకే మోసం, ఆసుపత్రి రికార్డులు వాళ్లు అడిగి చూస్తారు.

అన్నిటికంటే ముఖ్యంగా వయసు అడగండి. ఎంత వయసు వరకు చేర్చుకుంటారు అని అందరూ అడుగుతారు. ఎంత వయసు వరకు కొనసాగిస్తారు అని అడగరు. ఇంట్లో జాగ్రత్తగా పెరిగిన పిల్లి 15 ఏళ్లు బతకడం వింత కాదు. మూత్రపిండాల జబ్బు పదేళ్ల తర్వాత వస్తుందన్నాను కదా. పాలసీ పదో ఏట ఆగిపోతే, ఖర్చులేని ఏళ్లన్నీ ప్రీమియం కట్టి, ఖర్చు మొదలయ్యే వేళకు మీరూ పిల్లీ మాత్రమే మిగులుతారు. ఏటేటా ప్రీమియం ఎలా పెరుగుతుందో కూడా అడగండి. నోటిమాట కాదు, కాగితం మీద చూపించమనండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్‌లో “ఇక్కడ మా పిల్లికి నెలనెలా బీమా కడుతున్నాం” అంటే విని కంగారుపడకండి. అక్కడ ఒక రాత్రి ఆసుపత్రి బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. కొంత మొత్తం దాకా తామే భరించి, ఆపైన బిల్లులో నూటికి 70, 80 లేక 90 కంపెనీ ఇచ్చేలా పాలసీ ఎంచుకుంటారు. చాలా పాలసీల్లో ముందు సొంత డబ్బు కట్టి తర్వాత రాబట్టుకుంటారు. అక్కడి లెక్క అక్కడిది, మనకు అన్వయించదు.

ఇక ఈ సోదరికి నా సలహా. మీ ఉత్తరంలో మధ్యలో ఒక వాక్యం దాటేశారు: “మా పాలసీ మూడేళ్ల క్రితం ఆగిపోయింది.” పిల్లి సంగతి తర్వాత, ముందు అది చూడండి. భర్తగారికి బి.పి., షుగరు ఉన్నాయి, రేపు గుండెకో కాలికో వైద్యం అవసరమైతే పాతికవేలతో తేలదు. “ఈ వయసులో ఎవరిస్తారు” అని ఊరుకోకండి. 2024 ఏప్రిల్ నుంచి ఆరోగ్య బీమా తీసుకోవడానికి గరిష్ట వయసు పరిమితిని బీమా నియంత్రణ సంస్థ తీసివేసింది. ముందునుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండే గడువును మూడేళ్లకు మించకుండా చేసింది. ప్రీమియం ఎక్కువే అవుతుంది, షుగరు సంగతి దాచకుండా రాయండి. తెల్లకార్డు ఉంటే ప్రభుత్వ వైద్య పథకంలో మీ పేర్లున్నాయో లేదో చూసుకోండి. ఇంట్లో 70 నిండినవారుంటే, 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డుకు వారు అర్హులు. అబ్బాయి పిల్లికి కడతానన్న డబ్బు ముందు నాన్నగారి పాలసీకి కడితే పిల్లి ఏమీ అనుకోదు.

అది అయ్యాక, అబ్బాయికి ఇంకా శక్తి ఉంటే, రెండేళ్ల వయసులో, జబ్బేమీ లేని మగపిల్లికి విజయవాడ వంటి ఊళ్లో బీమా చేయించడం తెలివితక్కువ పనేమీ కాదు. భర్తగారిని నవ్వనివ్వండి. అతను ఒప్పుకోకపోతే విడి ఖాతాలో నెలకు ఇంత అని మొదలుపెట్టండి. ఏది చేసినా పిల్లి నీళ్లు ఎక్కువ తాగేలా చూడండి. ఒట్టి పొడి మేతే పెట్టకుండా తడి ఆహారం కూడా కలపండి, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచండి, ఇసుక డబ్బా రోజూ శుభ్రం చేయండి. శుభ్రం చేసేటప్పుడు మూత్రం గడ్డలు ఉన్నాయో లేదో చూస్తే చాలు, మొదటి రోజే తెలిసిపోతుంది.

ఇంట్లో మందుల పెట్టె గురించి కూడా చెప్పాలి. పిల్లి వేడిగా ఉందని పారాసెటమాల్ బిళ్ల వేసేవారున్నారు. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క బిళ్ల ప్రాణం తీయగలదు. పిల్లి ఒళ్లు మామూలుగానే మనకంటే వేడి, 100 నుంచి 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దానికి జ్వరం కాదు. కుక్కల పిడుదుల మందు పిల్లికి పూయకండి. పూలగుత్తుల్లో వచ్చే పెద్ద విదేశీ లిల్లీలు పిల్లి కొరికితే దాని మూత్రపిండాలు పాడవుతాయి. మన దండల్లో గుచ్చే లిల్లీ వేరు జాతి, దానితో ఈ భయం లేదు.

పాలసీ తీసుకున్నవారు టీకా చీటీలు, ఆసుపత్రి కాగితాలు, అసలు బిల్లులు ఒక ఫైలులో ఉంచండి. జబ్బు చేసిన రోజే కంపెనీకి తెలియజేయండి. క్లెయిమ్ తోసిపుచ్చితే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీలోని ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తోసిపుచ్చిన ఏడాది లోపల పంపాలి.